గౌతమి ముక్కుదూలం

నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ పైపులు తయారుచేసే కంపెనీలో పోశయ్య చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాడు. మోత్కూరు పక్కన ఒక పల్లె నుంచి వచ్చి, మల్లాపూర్ రోడ్డు లోపలి గల్లీలో రెండు గదుల ఇల్లు కట్టుకుని అక్కడే స్థిరపడ్డాడు. మనిషి పొడగరి, బక్కపలచన. ఆయన ముఖంలో ముందుగా కంటబడేది ముక్కు. కనుబొమల మధ్య నుంచి తిన్నగా దిగి, సగం దారిలో ఒక్కసారి పైకి లేచి, అక్కడినుంచి కిందికి వంగేది. ఆ ముక్కు గురించి కంపెనీలో ఎవరూ ఏనాడూ ఒక్క మాట అనలేదు. మగవాడి ముక్కు ఎట్లా ఉంటే ఎవరికేం పట్టింది?

ఆ ముక్కే కూతురు గౌతమికి వచ్చింది.

చిన్నప్పుడు లేదు. బుగ్గల మధ్య గుండీలాంటి ముక్కు ఉండేది. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో ముఖం సాగడం మొదలయ్యాక ముక్కుదూలం మీద బొడిపె తేలింది. తల్లి శ్యామలమ్మ రోజూ జడ వేసేముందు కొబ్బరినూనె వేలికి అద్దుకుని ఆ బొడిపెను కిందికి ఒత్తేది.

“రోజు గిట్ల ఒత్తితే అణిగిపోతది బిడ్డా, జర ఓర్సుకో” అనేది.

ఒత్తినచోట ఎర్రగా కందేది గానీ ఎముక ఎక్కడ అణుగుతుంది? తల్లి కొన్నాళ్లకు మానేసింది. గౌతమి మానలేదు. స్నానానికి వెళ్లినప్పుడు బట్టల క్లిప్పు ముక్కుకు పెట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా ఓర్చుకునేది. బడిలో ఫోటో తీస్తే ఎదురుగానే చూసేది. పక్కనున్న పిల్ల పిలిస్తే మెడ తిప్పేది కాదు, మొత్తం మనిషే తిరిగేది. అలా తిరగడం ఎంత అలవాటైపోయిందంటే, గౌతమికి మెడనొప్పేమోనని ఒక టీచరమ్మ ఇంటికి కబురు కూడా పంపింది.

డిగ్రీ అయ్యాక గౌతమి ఉప్పల్‌లో గంగాధరరావు చీరల దుకాణంలో చేరింది. గంగాధరరావుది చీరాల. మాట మెత్తన, లెక్క గట్టి. చేరిన కొద్దిరోజుల్లోనే ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. గౌతమి చీర చూపిస్తే అమ్ముడుపోతుంది. అందుకు కారణం ఆమె గొంతు. తొందర లేని, కొంచెం బొంగురు కలిసిన గొంతు. “అక్కా, గీ రంగు ఎండల ఒకతీరు, నీడల ఒకతీరు ఉంటది. గడపల నిలవడి సూడుర్రి” అంటే, కొనే ఉద్దేశం లేనివాళ్లు కూడా చీర పట్టుకుని గడప దాకా వెళ్లేవారు.

కరోనా తగ్గాక దుకాణాలన్నీ ఫోన్‌లో లైవ్ పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. గంగాధరరావు కూడా ఒక మూలను ఖాళీ చేయించి, గుండ్రటి లైటు కొని, స్టాండుకు ఫోన్ తగిలించాడు. చంద్రిక అనే అమ్మాయి చీర భుజాన వేసుకుని కెమెరా ముందు నిలబడేది. గౌతమి ఫోన్ వెనక నిలబడి మాట్లాడేది. తెర మీద వచ్చే కామెంట్లు పైకి చదివి జవాబులు చెప్పడం కూడా ఆమె పనే. సైనిక్‌పురి నుంచి, వరంగల్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్లు ఆ గొంతు కోసం లైవ్‌లోకి వచ్చేవారు. “మాట్లాడే అమ్మాయిని ఒకసారి చూపించండి” అని రాసేవారు. గౌతమి నవ్వి, వేరే చీర అందుకునేది.

ఒక శ్రావణమాసం చంద్రికకు జ్వరం వచ్చింది. బేరాల రోజులు, లైవ్ ఆపడానికి వీల్లేదు.

“ఈ ఒక్కరోజుకి నువ్వే నిలబడమ్మా, మాటా నీదే, మనిషీ నువ్వే” అన్నాడు గంగాధరరావు.

గౌతమి నిలబడింది. చీరలు చేతిలోకి వచ్చాక బెరుకు తగ్గింది. చూసేవాళ్ల సంఖ్య పెరుగుతోంది. ఆర్డర్లు వస్తున్నాయి. పైనుంచి కిందికి జారుతున్న కామెంట్లను ఎప్పటిలాగే చకచకా చదివేస్తోంది. “సుజాత గారు, బ్లౌజు ముక్క ఉందండి. మౌలాలి నుంచి రేవతి గారు, ఆకుపచ్చది ఒక్కటే మిగిలింది. ఈ గద్దముక్కు అక్క పక్కకు తిరిగితే...”

నోరు అక్కడ ఆగింది. అప్పటికే సగం చదివేసింది. మిగతా సగం తెర మీద కనిపిస్తూనే ఉంది. దాని కింద నవ్వుతున్న బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. గౌతమి చేతిలో చీర అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గంగాధరరావు చటుక్కున లేచి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“పనీపాటా లేని వెధవలు. నువ్వు మనసులో పెట్టుకోకమ్మా” అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. తర్వాత మాట కూడా మంచి మనసుతోనే అన్నాడు. “రేపటినుంచి చంద్రికే నిలబడుతుందిలే. నీ గొంతు ఉంది కదా, మనకది చాలు.”

ఆ కామెంటు కంటే ఈ మాటే గౌతమికి ఎక్కువ రోజులు గుచ్చుకుంది.

జ్వరం తగ్గి వచ్చిన చంద్రిక, జరిగింది విని, తన మేకప్ పెట్టె తెచ్చి ముందు పెట్టింది. ముక్కుకు రెండువైపులా ముదురు రంగు గీసి, నడుమ లేతరంగు సన్నగా దిద్ది, స్పంజితో కలిపేసింది. గుండ్రటి లైటు ముందు నిలబెడితే బొడిపె మాయమైంది. గౌతమి ఆశగా అద్దంలో పక్కకు చూసుకుంది. పక్కనుంచి అది ఎక్కడున్నది అక్కడే ఉంది. రంగుతో నీడలు మార్చవచ్చు గానీ ఆకారం మారదని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత ఫోన్ నిండా ముక్కులే. ఆపరేషన్‌కు ముందు, తర్వాత. ఇంజెక్షన్‌కు ముందు, తర్వాత. ఒకసారి వెతికిన పాపానికి తెర తెరిస్తే చాలు అవే వచ్చేవి. హబ్సిగూడలో ముక్కు ఆపరేషన్లు చేసే సుధీంద్ర అనే డాక్టరు ఉన్నాడని తెలుసుకుని, ఇంట్లో చెప్పకుండా వెళ్లింది.

సుధీంద్ర నడివయసు మనిషి. ముక్కు పైనా లోపలా పరీక్ష చేసి, అద్దం చేతికిచ్చి నిదానంగా చెప్పాడు.

“ఊపిరి బాగానే ఆడుతోంది. ఇది జబ్బు కాదమ్మా. చూడ్డానికి నచ్చకపోతే ఆపరేషన్ చేయొచ్చు. లేచిన ఎముకను, దాని కిందుండే మెత్తటి ఎముకను అరగదీస్తాం. పక్క ఎముకలను కొద్దిగా విరిచి దగ్గరికి జరుపుతాం. పైకి పట్టీ వేస్తాం. కళ్లకింద కమిలినట్టు అవుతుంది, అది తగ్గిపోతుంది. అసలు వాపు పూర్తిగా దిగి, ముక్కు తన రూపానికి రావడానికి ఏడాది పట్టొచ్చు.”

“ఇంజెక్షన్‌తోటి అయితదంటున్నరు కదా సార్?”

“ఇంజెక్షన్ బొడిపెను తగ్గించదు. దానికి పైనా కిందా ఉన్న పల్లంలో జెల్ నింపితే, చూపుకు తిన్నగా అనిపిస్తుంది. కొన్నాళ్లకు కరిగిపోతుంది. అది సులువైన పని అనుకుంటారు. ముక్కు దగ్గర రక్తనాళాలు చాలా సన్నవి. సూది తప్పితే చాలా ప్రమాదం. బాగా తెలిసిన చేతితోనే చేయించుకోవాలి. తొందరేం లేదు, ఇంట్లోవాళ్లతో మాట్లాడి రా.”

గౌతమి ఇంట్లో మాట్లాడింది. పోశయ్య అప్పుడే కంపెనీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

“ఎముక ఇరగ్గొడ్తరా?” అన్నాడు చెంబు కింద పెట్టి. “బాగున్న ఎముక ఎందుకు ఇరగ్గొట్టుకోవాలె బిడ్డా? నాకు లేదా గీ ముక్కు? నేను బతుకుతలేనా?”

“నువ్వు మొగోనివి నాయినా.”

పోశయ్య తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకుంటూ చాలాసేపు తుడుచుకుంటూనే ఉండిపోయాడు. శ్యామలమ్మ మాత్రం గట్టిగా అడ్డం పడింది. మత్తు ఇస్తే లేవనివాళ్లు ఉన్నారంది, కుట్లు పడిన ఆడపిల్ల ముఖం ఎవరు చూస్తారంది, ఏడ్చింది. ఆపరేషన్ మాట అక్కడితో ఆగింది.

ఉప్పల్ రింగురోడ్డుకు దగ్గర్లో, ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైన, అద్దాల తలుపుల క్లినిక్ ఒకటి కొత్తగా వెలిసింది. మెట్రో దిగి చీరల దుకాణానికి నడిచేవాళ్లందరికీ దాని బోర్డు కనబడేది. కత్తి లేదు, కుట్టు లేదు, మధ్యాహ్నం భోజనం వేళలో కొత్త ముక్కు అని రాసి ఉండేది. గౌతమి దాని కిందనుంచి చాలాసార్లు నడిచిపోయి, ఒకరోజు మెట్లెక్కింది. సుధీంద్ర చెప్పిన హెచ్చరిక గుర్తులేక కాదు. ఆ హెచ్చరిక పక్కనే ఆయన చెప్పిన ఇంకో మాట ఆమె మనసు గట్టిగా పట్టుకుంది. తిన్నగా అనిపిస్తుంది, అన్నాడు కదా.

లోపల తెల్లకోటు వేసుకున్న మేడం ఉంది. ఆమె ఏం చదివిందో గౌతమి అడగలేదు. తెల్లకోటును చూసి అడగాలనిపించలేదు.

“చాలా చిన్నది డియర్ ఇది. దీనికి ఇన్నేళ్లు బాధపడ్డావా?” అంది మేడం. గౌతమికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ బాధను బాధ అని ఒప్పుకున్న మనిషి ఆమెకు అంతవరకు తగల్లేదు.

సూది దిగింది. మొదట చల్లగా, బరువుగా అనిపించింది. రెండోచోట గుచ్చినప్పుడు ముక్కు కొస నుంచి నుదుటి దాకా మంట పాకింది. గౌతమి కెవ్వుమంది. ముక్కు ఒకపక్క సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మేడం ఒక్క క్షణం చెయ్యి ఆపి, మంచుగడ్డల సంచి తెప్పించి దాని మీద పెట్టింది.

“నార్మలే. కొందరికి ఇలా అవుతుంది.”

తర్వాత అద్దం ఇచ్చారు. గౌతమి మెల్లగా, భయంభయంగా, ముఖం పక్కకు తిప్పింది. కనుబొమల మధ్య నుంచి కొస దాకా ముక్కు గీత గీసినట్టు దిగింది. తన ముఖం కాదేమో అన్నట్టు అటు తిప్పి చూసుకుంది, ఇటు తిప్పి చూసుకుంది. నొప్పి ఉంది. ఉంటే ఉండనీ అనుకుంది.

ఆ సాయంత్రం దుకాణంలో గంగాధరరావు దగ్గరికి వెళ్లి, “సార్, ఇయ్యాల ఒక్కసారి నేను నిలవడత” అంది. ఆయన ఆమె ముఖం చూసి, ఏదో మారిందనుకున్నాడు గానీ ఏమిటో పోల్చుకోలేకపోయాడు. సరేనన్నాడు. కందిన చోట చంద్రిక రంగు అద్దింది. గౌతమి కెమెరా ముందు నిలబడి, పైట అంచు చూపించడానికి కావాలనే పక్కకు తిరిగింది. మళ్లీ తిరిగింది. కామెంట్లన్నీ చీరల గురించే. ఎవరూ ఏమీ అనలేదు. ముక్కు లోపల ఎవరో పిడికిలి బిగిస్తున్నట్టు సలుపుతూనే ఉంది. ఆమె నవ్వుతూ రంగుల పేర్లు చెబుతూనే ఉంది. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి గౌతమి అంత తేలిగ్గా నిలబడిన పూట ఇంకోటి లేదు.

తెల్లారేసరికి ముక్కు మీద, పైపెదవి దగ్గర ఊదారంగు వల అల్లినట్టు గీతలు తేలాయి. క్లినిక్‌కు ఫోన్ చేస్తే, “వాపే, ఐస్ పెట్టండి” అన్నారు. పెట్టింది. మర్నాడు చిన్నచిన్న పొక్కులు లేచాయి. మళ్లీ చేస్తే, “ఇన్ఫెక్షన్ కాకుండా మాత్ర రాసిస్తాం” అన్నారు. ఆ తర్వాత రోజు ముక్కు కొస, ఎడమ ముక్కుపుటం మాడిన అన్నంలా నల్లబడ్డాయి. శ్యామలమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. పోశయ్య డ్యూటీ మానుకుని కూతుర్ని ఆటోలో హబ్సిగూడకు తీసుకెళ్లాడు.

సుధీంద్ర ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

“ఎప్పుడు చేయించావు?”

చెప్పింది. ఆయన నల్లబడిన చోటి అంచును వేలితో మెల్లగా నొక్కి చూశాడు.

“జెల్ రక్తనాళంలోకి పోయింది. తెల్లబడినప్పుడే, ఆ గంటల్లోనే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ వేసి ఉండాలి. ఐస్ పెట్టకూడదు. ఇప్పుడు కూడా వేస్తాను. కానీ పోయిన చర్మాన్ని తిరిగి తేలేను.”

“సార్, పిల్లకు కన్నుకేమన్న అయితదా?” అని అడిగాడు పోశయ్య. ఇలాంటి సూదితో చూపు కూడా పోతుందని ఎక్కడో ఎవరో చెబితే విన్నాడు.

“కన్ను బాగుంది. ఆ మేరకు అదృష్టమే అనుకోండి.”

గౌతమికి ఆ అదృష్టం మీద నవ్వొచ్చింది. నవ్వితే పుండు లాగింది.

నల్లబడిన చర్మం ఊడివచ్చింది. రోజూ కట్టు మార్చడం, వాసన, మాత్రలు. పుండు మానాక చెవి వెనక నుంచి చర్మం తీసి అతికారు. అతుకు బతికింది గానీ ముఖం రంగులో కలవలేదు. కొంత ముదురుగా, ఎండిన ఆకులా మిగిలిపోయింది. ఎడమ ముక్కుపుటం అంచు ఎలుక కొరికినట్టు లోపలికి పోయింది. జెల్ కరిగిపోయింది. బొడిపె మళ్లీ కనిపించింది, దాని కింద ఈ మచ్చతో సహా.

పోశయ్య కంపెనీ యూనిఫాంలోనే క్లినిక్ దగ్గరికి వెళ్లాడు. అద్దాల తలుపులకు తాళం ఉంది. బోర్డు తీసేశారు. కింద సెల్‌ఫోన్ల దుకాణంలో అడిగితే, “ఖాళీ జేసి పోయిన్రు పెద్దాయనా. ఎటు పోయిన్రో మాకెర్కలే” అన్నారు. పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు. మేడం పేరు అడిగారు. గౌతమికి ఆమె పేరు తెలియదు. తెలిసిందల్లా ఆమె తనను డియర్ అని పిలిచిందనే. ఆ తర్వాత స్టేషన్ నుంచి కబురేదీ రాలేదు.

ఒక ఆదివారం పోశయ్య కూతురి పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆయన మాటకారి కాడు.

“నా ముక్కు నీకు రాకపోతే గిదంత కాకపోవు” అన్నాడు.

అట్లనకు నాయినా అందామనుకుంది. కానీ తండ్రి అన్న మాట ఆమె తనలో తాను ఎన్నోసార్లు అనుకున్నదే. కాదని అబద్ధం చెప్పే ఓపిక ఆ రోజు లేదు. పోశయ్య లేచి గల్లీలోకి వెళ్లిపోయాడు.

గంగాధరరావు ఆమెను పని మాన్పించలేదు. అది చెప్పుకోవాల్సిన మాటే. వెనకగదిలో కుర్చీ, బల్ల వేయించి, ఫోన్ ఆర్డర్లు చూసుకోమన్నాడు. లైవ్‌లో మాట్లాడటానికి గీతిక అనే కొత్త అమ్మాయిని పెట్టాడు. గీతిక గొంతు సన్నన, మాట వేగం. మొదట్లో కొందరు, “ఆ పాత గొంతు అమ్మాయి ఏది?” అని రాశారు. తర్వాత రాయడం మానేశారు. వెనకగదిలో కూర్చున్న గౌతమికి తలుపు సందులోంచి గీతిక మాటలు వినిపిస్తూ ఉండేవి. నూలు కలిసిన పట్టును అచ్చమైన పట్టు అంటుంటే, ఒక రంగును ఇంకో రంగు పేరుతో పిలుస్తుంటే, మొదట్లో లేచి వెళ్లి సరిచేయాలనిపించేది. రానురాను అది కూడా అనిపించలేదు. మెట్రోలో మాస్కు పెట్టుకునేది. ఊళ్లో అందరూ మాస్కులు తీసేసి చాలా కాలమైంది. పక్కసీటు వాళ్లు ఆమెకేదో అంటురోగం అనుకుని కొంచెం జరిగి కూర్చునేవారు.

ఏడాది గడిచాక సుధీంద్ర చివరిసారి చూడ్డానికి రమ్మన్నాడు. ఈసారి గౌతమి ఒక్కతే వెళ్లింది. ఆయన లైటు వేసి, అతుకు మీద వేలితో నొక్కి చూశాడు.

“అతుకు గట్టిగానే ఉంది. ఊపిరి?”

“ఎడమదిక్కు జర తక్కువ ఆడుతది సార్. అలవాటయింది.” ఆగి, అడగాలనుకున్నది అడిగింది. “సార్, అప్పుడు మీరు చెప్పిన ఆపరేషన్... బొడిపె తీసేది. ఇప్పుడు చేయించుకుంట. మా అమ్మ వద్దన్నా చేయించుకుంట.”

సుధీంద్ర తలెత్తాడు. ఆమె అడుగుతుందని ఆయన అనుకోలేదు. లైటు ఆపి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“ఇప్పుడు వద్దమ్మా. ఆ చర్మానికి రక్తం అంతంత మాత్రంగా అందుతోంది. పైకి లేపి లోపల పనిచేస్తే మిగిలిన చర్మం కూడా పోవచ్చు. నేను చేయను. చేస్తానని ఎవరన్నా చెప్పినా నువ్వు ఒప్పుకోకు.”

“ఎప్పటికీనా?”

“నాకు తెలిసినంతవరకు, అంతే.”

నుదుటి నుంచి చర్మం కిందికి దింపి ముక్కుపుటం సరిచేసే పద్ధతి ఒకటుందని, దానికి నుదుటి మీద ఇంకో మచ్చ మిగులుతుందని, ఆలోచించుకోమని చెప్పాడు. గౌతమి విన్నది. తల ఊపింది. మాస్కు సర్దుకుని లేచింది.

హబ్సిగూడ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కింది. ఆటో నిండా జనం. కాలేజీ పిల్ల ఒకతి ఫోన్‌లో తన ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. ఆ పిల్లకు ఏదో చెప్పాలనిపించింది. నాచారం వచ్చేదాకా గౌతమి రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి శ్యామలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆపి కూతురి ముఖంలోకి చూసింది.

“ఏమన్నడు బిడ్డా డాక్టరు?”

“మల్ల రావాల్సిన పని లేదన్నడు.”

శ్యామలమ్మ ముఖం విప్పారింది. “మంచి మాట. ఇంగ దవాఖానాల సుట్టు తిరిగే ఫికర్ లేదన్నట్టే” అంది. ఆ మాట భర్తకు చెప్పడానికి చేట పక్కన పెట్టి బయటికి నడిచింది.

గౌతమి ఆమెను ఆపలేదు. వంటింట్లోకి వెళ్లి, మాస్కు తీసి మేకుకు తగిలించి, కుళాయి కింద ముఖం కడుక్కుంది. ముక్కు దగ్గర మాత్రం చెయ్యి తేలిగ్గా, ఆనీ ఆననట్టు తిప్పింది. బయట తల్లి గొంతు సంతోషంగా వినబడుతోంది. తండ్రి ఏమన్నాడో వినిపించలేదు.